పన్నెండు కుర్చీల గది

అబిడ్స్‌లో విమానాల ఆఫీసు అంటే ఏదో పెద్ద మేడ అనుకునేవారు జనం. తీరా లోపలికి వచ్చి చూస్తే ఒక్కటే గది. పన్నెండు పేము కుర్చీలు, ఒక మూల సామాను తూచే కాటా, ఇంకో మూల మూత పెట్టిన మంచినీళ్ళ కూజా, నడుమ ఒక పంకా. విమానం ఎక్కేవాళ్ళు ముందు ఇక్కడికే వచ్చి, కౌంటరులో పేరు చెప్పి టికెట్టు తీసుకుని, సామాను తూయించుకుని కూర్చోవాలి. గంట తర్వాత నీలంరంగు బస్సు వచ్చి బేగంపేటకు తీసుకుపోయేది. ఆ బస్సులో పది పన్నెండు మందికి మించి ఎక్కడం ఎప్పుడో గానీ జరగదు. గదిలో మాత్రం డెబ్బై మందికి తక్కువ ఎన్నడూ ఉండేవారు కాదు.

ఒక్క మనిషి విమానం ఎక్కుతున్నాడంటే ఇంట్లో పిల్లి తప్ప అందరూ సాగనంపడానికి వచ్చేవారు మరి. అవ్వలు వచ్చేవారు, మేనత్తలు వచ్చేవారు, పక్కింటివాళ్ళు వచ్చేవారు. పూలదండలు, సద్దిమూటలు, మొజంజాహీ మార్కెట్లో కొన్న పండ్ల బుట్టలు వచ్చేవి. టికెట్టు కొన్నాయన కాటా పక్కన గోడకు ఆనుకుని నిలబడితే, ఆయన కుర్చీలో ఆయన పెద్దమేనత్త కాళ్ళు ముడుచుకుని కూర్చునేది.

ఈ సందడి నడుమ తెల్లచీర కట్టుకుని తిరిగే మనిషి విక్టోరియమ్మ. అందరూ ఆయమ్మ అనేవారు. మెదక్ నుంచి వచ్చి, నాంపల్లి స్టేషను వెనక ఒక గది కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉండేది. యాభై ఏడేళ్ళుంటాయి. ఆడవాళ్ళకు చోటు చూపించడం, మంచినీళ్ళు ఇవ్వడం, ఏడ్చే పిల్లలను ఎత్తుకోవడం ఆమె పని. బస్సు కదిలాక ఎవరికైనా దుఃఖం పొంగితే, పక్కన నిలబడి వాళ్ళ చేతిలో గ్లాసు పెట్టేది. నీళ్ళు మింగుతూ ఏడవడం ఎవరి తరమూ కాదని ఆమెకు తెలుసు.

అరవై నాలుగో సంవత్సరం, నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే దినాలు. ఆ సోమవారం ఉదయం మేనేజరు గోపాలరావు ఆమెను బల్ల దగ్గరికి పిలిచాడు. గుంటూరు వైపు మనిషి. మెత్తనివాడే గానీ, కాగితం చూస్తే గాభరా పడేవాడు.

"శనివారం మద్రాసు నుంచి పెద్దసారు వస్తున్నారు, విక్టోరియమ్మా. టికెట్టు కొన్నవాళ్ళకి కూర్చునే చోటు లేదని ఎవరో అర్జీ పెట్టారుట. శనివారానికి ఈ గది ఖాళీగా కనపడాలి."

"కనవడ్తది సార్. జనాన్ని రావద్దని చెప్పుండ్రి."

"నేను చెప్పడం కాదు. ఇవాళ్టి నుంచి తలుపు దగ్గర నువ్వుంటావు. ప్రయాణం చేసేవాళ్ళని లోపలికి పంపు, తక్కినవాళ్ళని అరుగు మీదే ఆపు."

"టికెట్లు కౌంటర్లనే ఉంటయి గద సార్. నాకెట్ల తెలుస్తది?"

"అడుగు. 'ఎక్కడికి' అని అడుగు. ఢిల్లీ అన్నవాడు లోపలికి, నీళ్ళు నమిలినవాడు బయటికి."

విక్టోరియమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. "బయలెల్లినోళ్ళను ఎక్కడికని అడుగుతరా సార్?"

"ఇదేమన్నా ఎడ్లబండా? విమానం. అయినా నువ్వు క్రైస్తవురాలివి, నీకు ఈ శకునాల పట్టింపు ఉండదనే కదా నీకు చెబుతున్నాను." గోపాలరావు గొంతు తగ్గించాడు. "శనివారం నాటికి కుదరకపోతే నీ చోట్లో ఒక మగమనిషిని పెట్టమంటారు. నా చేతిలో ఏమీ ఉండదు."

శకునాలు లేవని మిషను బడిలో నాలుగో తరగతి దాకా చెప్పారు. తలకు ఎక్కింది. నాలుకకే ఎక్కలేదు.

*

మంగళవారం పొద్దున ఆమె తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. మొదట వచ్చింది ట్రూప్ బజారు ప్రహ్లాద్ కుటుంబం. బట్టల కొట్టు వాళ్ళు. ప్రహ్లాద్ సరుకు మాట్లాడడానికి ఢిల్లీ పోతున్నాడు. ముందు అతను, వెనక అతని అక్క ప్రభావతమ్మ, ఆమె వెనక పద్ధెనిమిది మంది.

ప్రహ్లాద్ గడప మీద కాలు పెట్టాడు. విక్టోరియమ్మ కళ్ళు దించుకుని అడిగింది.

"ఎక్కడికి?"

ఆ కాలు అక్కడే ఆగింది. వెనకనున్న పద్ధెనిమిది మందీ ఒకరి వీపుకు ఒకరు తగులుకుని ఆగారు.

"ఏం మాటడిగినవమ్మా," అంది ప్రభావతమ్మ, కోపం కన్నా బాధ ఎక్కువగా. "ఆకాశంల పొయ్యేటోడు. గట్లనా అడిగేది?"

"సారు అడుగుమన్నడమ్మా."

"సారుకు అక్కచెల్లెండ్లు లేరా? తమ్మీ, నడువు లోపలికి. కూసో. కాళ్ళు కడుక్కొని, మంచినీళ్ళు తాగి, మళ్ల బయలెల్లుదువు. అందరు కూసోండ్రి. వెంట వచ్చినోళ్ళం మనం గూడ కూసోవాలె."

ఇరవై మందీ లోపలికి వెళ్ళి కూర్చున్నారు. కుర్చీలు చాలక కాటా మీద కూడా ఇద్దరు కూర్చున్నారు. కాళ్ళు కడగడానికి కూజా వంచారు. వాళ్ళ వెనక వచ్చినవాళ్ళను అడిగితే వాళ్ళూ అదే పని చేశారు. ఒక పెద్దమనిషి మారు మాట్లాడకుండా రిక్షా తిప్పించుకుని సుల్తాన్‌బజారులో ఇంటికి పోయి, మళ్ళీ శుభ్రంగా బయలుదేరి వచ్చాడు. వచ్చేటప్పుడు మొదట రాని నలుగురిని వెంటబెట్టుకు వచ్చాడు. పదకొండు గంటలకు గదిలో గాలి కూడా నిలబడే ఉంది. బస్సు అరగంట ఆలస్యంగా కదిలింది.

సామాను తూచే బాలమల్లు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. "అమ్మా, నువ్వు తలుపుకాడ కూసున్నవా, తాంబూలమిచ్చి పిలిచినవా?"

గోపాలరావు మాత్రం నవ్వలేదు. "ఖాళీ చెయ్యమంటే నింపావు, విక్టోరియమ్మా. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి," అన్నాడు.

*

బుధవారం ఆమె ఆ మాట అడగలేకపోయింది. అడగకుండా ఆపనూలేకపోయింది. మొదటి రెండు కుటుంబాలూ ఆమె ముందునుంచే లోపలికి నడిచిపోయాయి. ఇక ఇల్లే గతి అనుకుంది. ఈ వయసులో ఇంకొకరి గుమ్మంలో పనికి నిలబడాలి.

అంతలో ఒక గుంపు వచ్చింది. అందరూ ఒక్కలాగే తెల్ల బట్టలు వేసుకున్నారు. ఎవరి చేతిలోనూ సంచి లేదు, అందరి మెడలోనూ దండలున్నాయి. అందులో పోయేదెవరో దేవుడికే తెలియాలి. విక్టోరియమ్మ నోరు తెరిచింది. ఏదో ఒకటి అడగాలి కనుక, మెదక్ బస్సు ఎక్కే తనవాళ్ళను ఎప్పుడూ అడిగే మాటే నోట్లోంచి వచ్చేసింది.

"మళ్ల ఎన్నడొస్తరు?"

గుంపు మాటలు ఆగిపోయాయి. తొమ్మిది తలలు ఒకే మనిషి వైపు తిరిగాయి. నడుమ నిలబడ్డ బక్కపలచని ఆయన, "ఆయితారం, మాపటి విమానానికి," అన్నాడు.

విక్టోరియమ్మ ఆ తొమ్మిది మందినీ చూసింది. ఆయన్నీ చూసింది. పోయేచోటు ఇంటిల్లిపాదికీ తెలుసు. వచ్చే దినం మాత్రం పోయేవాడే చెప్పాలి.

"మీరు లోపల కూసోండ్రి, అయ్యా. మీరు జర అరుగు మీద ఉండుండ్రి. ఆయితారం వస్తరట గద, ఫికరెందుకు?"

ఆశ్చర్యం ఏమిటంటే ఎవరూ కోపగించుకోలేదు. ఆ ప్రశ్నలోనే మళ్ళీ రావడం ఉంది. దండ వేసినట్టే ఉంది. ఒక ముసలామె అయితే వెనక్కి వచ్చి, "సల్లని మాటడిగినవు బిడ్డా," అని ఆమె చేతిలో ఒక జామపండు పెట్టి మరీ అరుగు మీదికి పోయింది.

గురువారం గదిలో పదిమందే ఉన్నారు. శుక్రవారం ఎనిమిది మంది. నాలుగు కుర్చీలు ఖాళీ. పంకా చప్పుడు వినబడుతోంది. అది కిర్రుమంటుందని గోపాలరావుకు ఆ రోజే తెలిసింది. ఆయన గది ఈ మూల నుంచి ఆ మూలకు ఎవరినీ తగలకుండా నడిచి, మళ్ళీ వెనక్కి నడిచాడు.

"నువ్వు చదువుకుని ఉంటే నా కుర్చీలో కూర్చునేదానివి," అన్నాడు.

విక్టోరియమ్మ సంతోషపడింది. నిజంగానే పడింది. అయినా శుక్రవారం బస్సు వేళ, అరుగు మీద ఒక పడుచుపిల్ల పసివాణ్ణి కిటికీ ఊచల దాకా ఎత్తి పట్టుకుని, లోపల కూర్చున్న మొగుడికి చూపిస్తూంటే, ఆమె తల ఇటు తిప్పుకుని కూజా మూత సరిచేసింది. కూజాలో నీళ్ళు మెడ దాకా అలాగే ఉన్నాయి.

"పాచి వడ్తయమ్మా నీ నీళ్ళు," అన్నాడు బాలమల్లు.

"రేపటి దినం దాటనీ," అంది ఆమె.

*

శనివారం పెద్దసారు పొద్దుటి విమానానికే వచ్చాడు. పొడుగాటి మనిషి, మద్రాసులో పుట్టిన తెలుగువాడు. తలుపుకు ఎదురుగా గోడవారన ఉన్న కుర్చీలో కూర్చుని, ఒళ్ళో ఫైలు పెట్టుకున్నాడు. మాట్లాడడు. వచ్చినవాళ్ళను, కుర్చీలను చూస్తాడు. ఏదో రాసుకుంటాడు. గోపాలరావు చేతులు కట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాడు.

బొంబాయి విమానానికి తొమ్మిది మంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. "మళ్ల ఎన్నడొస్తరు?" "సోమారం." లోపలికి. "మళ్ల ఎన్నడొస్తరమ్మా?" "నెల దినాలకు." లోపలికి. వెనకవాళ్ళు అరుగు మీదికి. గోపాలరావు ముఖం వికసిస్తోంది. ఏడుగురు వచ్చారు. ఇంకా ఇద్దరు రావాలి.

ఆ ఇద్దరూ రెండు రిక్షాలూ ఒక జట్కా నిండా మనుషులతో వచ్చారు. నాంపల్లిలో బడిపంతులు లక్ష్మణరావు, ఆయన భార్య వసుమతి. వెంట పదకొండు మంది. వసుమతికి నలభై ఏళ్ళుండవచ్చు. ఎండ చురుక్కుమంటున్నా శాలువా కప్పుకుంది. మణికట్టు మీద గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. ఒక చెయ్యి మొగుడు పట్టుకున్నాడు, ఇంకో చెయ్యి అత్త పట్టుకుంది. గడప దగ్గరికి వచ్చి ఊపిరి కోసం ఆగింది.

విక్టోరియమ్మ లేచి నిలబడింది. పెద్దసారు చూస్తున్నాడు. మూడు రోజులుగా నాలుకకు అలవాటైన మాట దానంతట అదే వచ్చింది.

"మళ్ల ఎన్నడొస్తరమ్మా?"

వసుమతి మొగుడి వైపు చూసింది. లక్ష్మణరావు చేతిసంచి పట్టీ వైపు చూశాడు. దాన్ని ఒకసారి విప్పి మళ్ళీ బిగించాడు.

"ఆపరేషన్ ఉంది," అన్నాడు మెల్లిగా. "రైల్ల కుదుపులకు తట్టుకోదని డాక్టరు... అందరం టికెట్లకు తలా ఇంత ఏస్కొని..."

"ఆయన్నెందుకు తిప్పలవెడ్తవు ఆయమ్మా," అంది వసుమతి. చిన్న గొంతు, కానీ తొణకలేదు. "నువ్వడిగింది నాకు తెల్వది. డాక్టరుకే తెల్వదట."

చల్లని మాట అనుకున్నది ఎంత కత్తో విక్టోరియమ్మకు అప్పుడు తెలిసింది. ఎక్కడికి అని అడిగినా ఈమె బొంబాయి అని చెప్పేది, లోపలికి పోయేది. మాటను వెనక్కి తీసుకునే వీలు ఉంటే నాలుకతో సహా తీసుకునేది.

అప్పుడు వెనకనుంచి అత్తగారు అందుకుంది.

"తెల్వకేంది? పది దినాలల్ల వస్తది."

"పది దినాలెందుకు?" అంది ఆమె వెనకనున్న తోడికోడలు. "మా వదినకు ఎనిమిది దినాలకే కుట్లు ఇప్పిన్రు."

"మీ వదినది కాలు. గది వేరే, గిది వేరే. పన్నెండు దినాలనుకో."

"పన్నెండు దినాలైతే నుమాయిష్ ఎత్తేస్తరు. నాకు గాజులు కొనిస్తనన్నది అక్క. అంతకు ముందే రావాలె."

"గాజులు అటు పోనీ. పోచంపల్లి చీరె తెమ్మని వసుమతే చెప్పింది నాకు. మంగళారం వస్తనని నేత ఆయనకు చెప్పిన. ఆమె లేకుంటే రంగెవ్వరు చూస్తరు?"

"ఏ మంగళారం?"

"వచ్చేది కాదు, ఆపైది."

"ఔ, గదే నేనన్న పది దినాలు."

గడపకు ఇవతల నిలబడి పదకొండు మందీ కూరగాయల బేరంలా దినాలు తగ్గించుకుంటూ, పెంచుకుంటూ పోయారు. ఒకరు ఉగాది అంటే మిగిలినవాళ్ళు విరుచుకుపడ్డారు. అంత దూరమెట్లా అన్నావని ఆయన నెత్తిన ఒకటి వేశారు కూడా. ముందు వసుమతి విసుక్కున్నట్టు ముఖం పెట్టింది. తర్వాత పెదవి బిగించింది. చివరికి శాలువాలో ముఖం దాచుకుని నవ్వింది.

"నన్ను పోనిస్తరా లేదా? వచ్చేది తర్వాత సంగతి," అంది.

"పోత అనకు. పోయొస్త అను," అంది అత్త.

"పోయొస్త."

విక్టోరియమ్మ స్టూలు పక్కకు జరిపింది. వసుమతి, లక్ష్మణరావు లోపలికి నడిచారు. వెనకనున్నవాళ్ళు ఆగి, అరుగు వైపు చూసి, ఆమె ముఖం వైపు చూశారు. ఈ గుమ్మం సంగతి వాళ్ళూ విన్నట్టున్నారు.

"మీరు గూడ రాండ్రి," అంది విక్టోరియమ్మ.

గది నిండిపోయింది. గురువారం నుంచి ఊపిరి పీల్చుకుంటున్న ఆ పన్నెండు కుర్చీల మీదా ఒక్కసారి జనం పడ్డారు. ఇది చూసి అరుగు మీదున్న తక్కిన కుటుంబాలు కూడా తలుపు తెరిచే ఉంది గదా అని వచ్చేశాయి. అత్తగారు పెద్దసారు దగ్గర ఆగి, "జర జరుగు నాయినా, పానం బాగలేని మనిషి," అంది. పెద్దసారు జరగలేదు. లేచే నిలబడ్డాడు. ఆయన కుర్చీలో వసుమతి కూర్చుంది. ఆమె కాళ్ళ దగ్గర తోడికోడలు, వీపు వెనక గుడి స్తంభంలా చెల్లెలు. ఎవరో ఆయన చేతిలో కొబ్బరిముక్క పెట్టారు. ఫైలు చంకలో ఇరికించుకుని ఆయన అది పట్టుకుని నిలబడ్డాడు.

కూజా రెండుసార్లు నిండి, రెండుసార్లు ఖాళీ అయింది. విక్టోరియమ్మ గ్లాసు కడుగుతూ, అందిస్తూ, తలుపు వైపు చూడనేలేదు. బస్సు వచ్చింది. వసుమతిని ఎక్కించడానికి ఎనిమిది చేతులు పోటీపడ్డాయి. బస్సు నాంపల్లి వైపు మలుపు తిరిగేదాకా పదకొండు మందీ మాట్లాడుతూనే ఉన్నారు. మలుపు తిరిగాక అత్తగారు గోడకు ఆనుకుని కూలబడింది. విక్టోరియమ్మ వెళ్ళి ఆమె చేతిలో గ్లాసు పెట్టి, ఈసారి తను కూడా పక్కన కూర్చుంది.

*

జనం పోయాక గోపాలరావు ఆమెను లోపలికి పిలిచాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెద్దసారు కొబ్బరిముక్క తినేశాడు. రుమాలుతో వేళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఆ పదకొండు మందిని ఎందుకు వదిలావమ్మా?" అని అడిగాడు.

ఇక పోయింది పని, అనుకుంది విక్టోరియమ్మ. అబద్ధం వెతకడానికి ఓపిక లేకపోయింది.

"జవాబు చెప్పినోళ్ళను లోపలికి పంపుమన్నరు సార్. ఆమెకు తెల్వలేదు. వాళ్ళందరికి తెలిసింది."

పెద్దసారు రుమాలు మడత పెట్టాడు.

"గురువారం, శుక్రవారం ఎంతమంది ఉన్నారు ఈ గదిలో?"

"పదిమంది, ఎనిమిది మంది, సార్," అన్నాడు గోపాలరావు. "అంతా ఈమె అడిగే ప్రశ్న వల్లే. నేను నేర్పలేదు. ఆమే కనిపెట్టింది. ఇవాళ ఒక్కరోజు చూసి తీసెయ్యవద్దు, సార్. మగమనిషిని పెడితే జనం తిరగబడతారు."

గోపాలరావు పెద్దవాళ్ళ ఎదుట అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం ఆమె అంతకు ముందు చూడలేదు.

"తీసెయ్యమని ఎవరన్నారు?" అన్నాడు పెద్దసారు. "మద్రాసులో పోలీసుని పెట్టినా మా వల్ల కాలేదు. బ్రహ్మాండమైన ప్రశ్న. ఈమెను తలుపు దగ్గరే ఉంచండి. అప్పుడప్పుడూ ఇవాళ్టి లాంటిది వస్తుంది, రానివ్వండి. తక్కినవాళ్ళందరినీ మాత్రం ఆ మాట తప్పకుండా అడగాలి. ఏమ్మా?"

"ఔ సార్," అంది విక్టోరియమ్మ.

పని నిలిచింది. వారం దినాలుగా గుండెల మీదున్న బండ దిగింది. స్టూలు తలుపు దగ్గరికి లాక్కుంటూంటే గోపాలరావు వచ్చి, తన జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి ఆమెకు ఇచ్చాడు.

మధ్యాహ్నం విమానానికి మొదట వచ్చింది బాలకిషన్ అని ఒక కుర్ర లాయరు. చక్కగా క్రాపు దువ్వుకున్నాడు, ఒంట్లో పిడికెడు జబ్బు లేదు, కొత్త బూట్లు కిర్రుమంటున్నాయి. వెనక తల్లి, ఇద్దరు అక్కలు, వాళ్ళ పిల్లలు, ఇంకా ఎవరెవరో. మద్రాసులో ఏదో కేసు. సోమవారమో మంగళవారమో వచ్చేస్తాడు. అడిగితే ఠక్కున చెబుతాడు. పెద్దసారు ఇంకా లోపలే ఉన్నాడు. గోపాలరావు కౌంటరు మీదినుంచి తల ఎత్తి చూస్తున్నాడు.

విక్టోరియమ్మ లేచి నిలబడింది. అతన్ని చూసింది. అతని తల్లి కొడుకు చొక్కా కాలరును వెనకనుంచి సరిచేస్తోంది. విక్టోరియమ్మ నోరు తెరిచింది. మాట గొంతు దాకా వచ్చింది.

వచ్చే దినం తనకు తెలుసుననుకుంటున్నాడు ఆ పిల్లవాడు. అంతే కదా.

"ఎంతమంది వచ్చిన్రు?" అని అడిగింది.

"పద్నాలుగు మందిమి ఆయమ్మా," అంది తల్లి, తప్పు చేసినట్టు.

విక్టోరియమ్మ లోపలికి తిరిగి చూసింది. పన్నెండు కుర్చీలు. గోపాలరావు ఆమె ముఖం చూశాడు. పెద్దసారు వైపు చూశాడు. తర్వాత ఇంక చూడడం మానేసి, తన కుర్చీలోంచి లేచి, దాన్ని కౌంటరు వెనకనుంచి ఇవతలికి ఈడ్చుకుంటూ వచ్చి వేశాడు.

"పదమూడు," అంది విక్టోరియమ్మ. "రాండ్రి. ఒక పిల్లగాణ్ణి నేనెత్తుకుంట."